నువ్వేదో రాశావులే, వదినా

ముందుగా తప్పులకు మన్నించండి. అక్షరాలు నాకు జుట్టు నెరిశాక పట్టుబడ్డాయి. మ ఏదో య ఏదో ఇప్పటికీ ఒక్కోసారి తడుముకుంటాను. ‘మాయ’ అని రాయాల్సి వస్తే ఆ మాట మానేసి ఇంకోటి వెతుక్కుంటాను. ఒత్తులు కావలసినచోట మరిచిపోతాను, అక్కర్లేనిచోట పెడతాను. పక్కింటి కుట్టుపనామె కూర్చుని దిద్దింది. ఆమె కళ్ళుగప్పి తప్పించుకున్నవి ఏమైనా ఉంటే ఆ తప్పులు నావే. నా నెమ్మదిని కూడా క్షమించాలి. మీరు గుమ్మంలో నిలబడి చదివేసే ఈ నాలుగు ముక్కలూ ఎండల్లో మొదలుపెడితే వానల్లో తేలాయి. ఈ పేజీలో మీరు కొత్త పాటల కబుర్లు చెప్పమని అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇందులో కోరసమ్మ అన్నచోటల్లా నేనే. నా గురించి నేను చెప్పుకోవడం ఎన్నడూ అలవాటు లేదు. ఎవరో ఒకావిడ గురించి చెబుతున్నట్టయితే మాట సాగుతుంది.

ఆ రోజు కోరసమ్మ మాడిన పాలగిన్నె తోముతోంది. అడుగు నల్లగా పట్టేసి ఎంత రుద్దినా వదలడం లేదు. మరిది వంటింటి గుమ్మానికి ఆనుకుని ఫోను చూసుకుంటూ తనలో తను నవ్వుకుంటున్నాడు.

“వదినా, నిన్న నీ పేజీలో నువ్వు రాసినదానికి జనం ఎగబడి మెచ్చుకుంటున్నారు,” అన్నాడు.

“నేను రాశానా? ఏం రాశాను?”

“నువ్వేదో రాశావులే. మంచి మాటలే. ఆ గిన్నె అయ్యాక కాస్త టీ పెట్టు.”

ఆమె గిన్నె బోర్లించి టీ పెట్టింది. సంతకానికి వేలిముద్ర వేసే మనిషి రాయడమేమిటో అడగాలనే అనుకుంది. కానీ ఆ ఇంట్లో అడగడం అంటే ముందు ఎదుటివాళ్ళ మొహం చూడాలి, ఆ మొహంలో విసుగు ఎంత ఉందో కొలవాలి, మాట తిరిగి మీద పడితే తట్టుకోగలమో లేదో చూసుకోవాలి. ఇంత చూసుకునేసరికి టీ మరిగిపోయింది. మరిది కప్పు అందుకుని “చక్కెర తక్కువైంది” అన్నాడు. ఆమె చక్కెర డబ్బా అందుకుంది.

కోరసమ్మ అన్నది పాటల ట్రూపువాళ్ళు పెట్టిన పేరు. ట్రూపు ఆమె భర్తది. ఊరంతా ఆయన్ని మాస్టారు అనేవారు, ఇంట్లో ఆమె కూడా అలాగే అనేది. పెళ్ళిళ్ళలో, ఆఫీసుల వేడుకల్లో, హోటళ్ళ హాళ్ళలో ఆయన ముందు నిలబడి పాడేవాడు. ఆమె వెనక మసక వెలుతురులో నిలబడి ‘ఆ’ అనీ ‘ఓ’ అనీ అందుకునేది. పక్కన కోరస్ పాడే అమ్మాయిలు వచ్చారు, పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళారు, కొత్తవాళ్ళు వచ్చారు. ఆమె మాత్రం గోడకి మేకులా అక్కడే ఉంది. ప్రతి వేదిక మీదా మాస్టారు అందరినీ పరిచయం చేసి, ఆఖరున వెనక్కి చెయ్యి చూపించి, “ఈవిడ మా ఇంటావిడండీ, వంట అద్భుతంగా చేస్తుంది, పాట కూడా ఫరవాలేదు,” అనేవాడు. జనం నవ్వేవారు. ఆమె కూడా నవ్వాలి. నవ్వకపోతే ఇంటికెళ్ళాక, “సరదాకి అన్నదానికి మూతి ముడుచుకుంటావేం, అందరిముందూ నా పరువు తీయడానికా?” అనేవాడు. అందుకని ఆ చోటు రాగానే పెదాలు వాటంతట అవే విచ్చుకునేవి. పాటలో ఎక్కడ అందుకోవాలో తెలిసినట్టే, ఎక్కడ నవ్వాలో కూడా తెలిసిపోయింది.

చదువు మాట ఒక్కసారి ఎత్తింది, పెళ్ళయిన కొత్తలో. “అక్షరాలు నేర్పరాదూ, పాట మీరు చదివి వినిపించే పని తప్పుతుంది,” అంది. ఆయన వాద్యగాళ్ళందరినీ పిలిచి మరీ చెప్పాడు. “విన్నారా, మా ఆవిడ పట్టా పుచ్చుకుంటుందట. చెవి ఉన్నదానికి కళ్ళెందుకే?” అత్తగారు లోపలినుంచి, “ముందు కూరలో ఉప్పు సరిగ్గా వెయ్యడం నేర్చుకోమను,” అంది. ఆ నవ్వుల్లో ఆ మాట అక్కడికక్కడే చచ్చిపోయింది.

కానీ బాణీలు ఆమె కట్టేది. కట్టేది అని అప్పుడు ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. పని చేసుకుంటూ కూనిరాగం తీస్తే, మాస్టారు పక్కగదిలోంచి, “ఆగాగు, అది మళ్ళీ అను,” అనేవాడు. టేపు రికార్డరు తెచ్చి పొయ్యి పక్కన పెట్టేవాడు. రాసుకోవడం రాదు కాబట్టి బాణీ మరిచిపోకుండా ఆమె చేతిలో ఉన్న పనినే మాటలుగా పెట్టుకునేది. ‘తడిబట్టలు ఆరలేదు, తలుపు గడియ పడలేదు’ అని ఒకటి. ‘ఉప్పు నిండుకుంది, నూనె నిండుకుంది, ఎవరితో చెప్పనూ’ అని ఇంకొకటి. తర్వాత పాటల రచయిత వచ్చి ఆ మాటలు తీసేసి వెన్నెలా పువ్వులూ పెట్టేవాడు. ఈ రెండో పాట దగ్గర మాత్రం ఆయన ఆ మాటనే పట్టుకున్నాడు. ఇంట్లో ఏదైనా అయిపోయిందని నోటితో అనకూడదు కదా, అందుకని ఆడవాళ్ళం నిండుకుంది అంటాం. ఎప్పుడూ సరుకులు చూసుకోని ఆ మగమనిషికి ఆ సంగతి తట్టలేదు. నిండుకుంది అంటే నిండిందనే అనుకున్నాడు. “అబ్బ, ఎంత చక్కటి మాటండీ,” అని ‘ప్రాణం నిండుకుంది, ప్రేమ నిండుకుంది’ అని రాసేశాడు. ఖాళీ డబ్బా పట్టుకుని కట్టిన బాణీ పెళ్ళిపాటైంది. మాస్టారికి ఆ పాటే పెద్ద పేరు తెచ్చింది. సంతోషపు మాటలకి అంత దిగులు బాణీ కట్టడం ఆయనకే చెల్లిందని పెద్దపెద్దవాళ్ళు పొగిడారు. ఆమె వెనక నిలబడి పెళ్ళి తర్వాత పెళ్ళిలో ‘నిండుకుంది’ అని అందుకుంటూ, ఈ కొత్త దంపతులకి ఎవరైనా పెద్దావిడ చెబితే బాగుండును అనుకునేది. ఏ పెద్దావిడా చెప్పలేదు. వాళ్ళకీ తెలుసు కాబోలు, ఎందుకొచ్చిన గొడవ అనుకుని ఉంటారు.

మాస్టారికి పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. చాలాకాలం మంచంలోనే ఉన్నాడు. ఆయన గొంతు విని చేతులెత్తి మొక్కినవాళ్ళు ఒకసారి వచ్చి పళ్ళు పెట్టి వెళ్ళారు. దుప్పట్లు మార్చడం, ఒళ్ళు తుడవడం, చెంచాతో జావ పోయడం, పోసినదాంట్లో సగం గడ్డం మీంచి కారితే మళ్ళీ తుడవడం ఆమె వంతు. మరిది ట్రూపు నడిపాడు. ఆ గదిలో చప్పుడన్నది లేదు. అంతకుముందు బాణీ ఎప్పుడో ఒకటి తోచేది. ఆ గదిలో కూర్చుంటే ఊటలా వచ్చాయి. వాటికోసం పక్కగదిలోంచి ఎవరూ ‘మళ్ళీ అను’ అనలేదు కాబట్టి తనకి తానే మళ్ళీ మళ్ళీ అనుకుంది, ఫోనులో పాడి దాచుకుంది. ఒకరోజు దుప్పటి మడతపెడుతూ పాడుతుంటే ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నచ్చక తిప్పుకున్నాడో, ఏడుపు వచ్చి తిప్పుకున్నాడో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఆయన చెప్పలేడు. చెప్పగలిగినన్నాళ్ళూ ఆమె అడగలేదు.

ఆయన పోయాక మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. పక్కింట్లో కుట్టుపనామె మిషను దగ్గర కూర్చోవడం అలవాటైంది. ఆమెదీ మొగుడు లేని సంసారమే. ఆయన పోలేదు, వెళ్ళిపోయాడు. “నీ మొగుడి ఫోటోకి దండ వేశారు, నా మొగుడికి ఫోటో కూడా లేదు,” అని పకపకా నవ్వేది. అక్షరాలు నేర్పింది ఆమే. నల్లగుడ్డ ముక్క పరిచి, కొలతలు గీసే సుద్దతో రాయించేది. తప్పు రాస్తే దులిపేసేది.

“నీకు ఇన్ని రాగాలొచ్చు కదక్కా, గుణింతం రాకపోవడమేంటి? అదీ రాగమే,” అంది.

నిజమే మరి. కోరసమ్మ ‘క కా కి కీ’ ఒక బాణీలో పెట్టుకుంది. దీర్ఘం వచ్చినచోట గొంతు సాగదీసేది, సున్నా దగ్గర ముక్కుతో మూసేది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలు ఇవ్వడం మరిచిపోయి వింటూ నిలబడేవారు.

చదవడం కాస్త వచ్చాక, ఒక మధ్యాహ్నం ఆమె అడిగింది. “నా పేరుతో ఒక పేజీ ఉందంటాడు మరిది. నేను రాశానంటాడు. ఏం రాశానో చూడాలి.”

కుట్టుపనామె ఫోనులో వెతికి ఇచ్చింది. “చదువుకో. నేను చెప్పను,” అని మిషను తిప్పడం మొదలుపెట్టింది.

కోరసమ్మ వేలు పెట్టి చదివింది. అ, భి, మా, ను, లు. అభిమానులు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది, మళ్ళీ గుమ్మం దాటి వెళ్ళింది. ‘అభిమానులకు నమస్కారం. నేను మాస్టారి నీడను. నీడకు గొంతు ఉండదు. ఆఖరి రోజుల్లో ఆయన నా చెవిలో పాడిన బాణీలు నా దగ్గర పదిలంగా ఉన్నాయి. పెద్ద గాయకుల గొంతుల్లో అవి త్వరలో మీ ముందుకు వస్తాయి. అదే ఆయనకు నేనిచ్చే నివాళి.’ కింద వందలమంది చేతులు జోడించారు. ఇల్లాలంటే ఇలా ఉండాలని ఒకరు రాశారు.

మిషను ఆగింది. “ఏం రాశావక్కా?”

“నోరు పడిపోయిన మనిషి నా చెవిలో పాడాడని రాశాను.”

కుట్టుపనామె ఎప్పటిలా నవ్వలేదు. దారం తెంపి సూది పక్కన పెట్టింది.

బాణీలు దాచుకున్న ఫోనుని రిపేరని మరిది తీసుకెళ్ళి రెండురోజులు ఉంచుకున్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. బాణీలు పోయినందుకు కూడా కాదు ఆమె మళ్ళీ మొదటి వరస మీద వేలు పెట్టింది. ఆ మాటల్లో ‘నేను’ అని ఉంది. రాయడం రాని ఆమె పేరుతో ఇన్నాళ్ళూ ఎవరో ‘నేను’ అంటూ తిరుగుతున్నారు. దండాలు పెడుతున్నారు, కన్నీళ్ళు పెడుతున్నారు, నీడనంటున్నారు. ఆ నేను అందరికీ నచ్చింది. ఈమె వాళ్ళకి అక్కర్లేదు.

ఆ సాయంత్రం అడిగింది. ఈసారి మొహం చూసి కొలవలేదు. కూతురు కూడా వచ్చి ఉంది. పెళ్ళై రెండు వీధుల అవతలే కాపురం.

“అందులో అబద్ధం ఏముంది వదినా?” అన్నాడు మరిది. “ఆయన పేరుంటే వింటారు. నీ పేరు మీద వేస్తే ఎవరు వింటారు చెప్పు? నీ మంచికే కదా రాస్తున్నాను. పైసా తీసుకోకుండా ఇంత చాకిరీ చేస్తున్నాను.”

చాకిరీ అన్న మాట ఆ ఇంట్లో మొదటిసారి వినబడింది. అదీ అతని నోట.

“ఆ బాణీలు ఆయనవి కావు. మంచం పక్కన కూర్చుని నేను కట్టుకున్నవి.”

“నువ్వు కట్టావో, ఆయన పాడేది ఏళ్ళ తరబడి విని విని నీకు తోచాయో. ఆ మాటకొస్తే నీకు సంగీతం నేర్పింది ఎవరు?”

కూతురు నెమ్మదిగానే మాట్లాడింది. ఆ నెమ్మదే తట్టుకోవడం కష్టమైంది. “అమ్మా, ఇన్నేళ్ళూ నువ్వు ఒక్కమాట అనలేదు. నాన్న ఇప్పుడు ఎదురు చెప్పలేడు. పోయినవాడి మీద పోటీకొస్తావా? మా అత్తగారింట్లో ఏమనుకుంటారు? అయినా స్టేజీ మీద నువ్వే అనేదానివి కదా, ‘మా పాటలు’ అని. నేను చిన్నప్పటినుంచీ విన్నాను.”

అనేది. నిజమే. ఆ రాత్రి పక్కమీద ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. మన మాటల్లో ఇంటికి సంబంధించినదేదీ ‘నా’ కాదు. మా ఆయన, మా ఇల్లు, మా అమ్మాయి. ఒక్కతే కని ఒక్కతే పెంచినా మా అమ్మాయే. నా మొగుడు అంటే మోటు, నా ఇల్లు అంటే పొగరు. ఎవరూ చెప్పకుండానే ఆడపిల్లకి ఇది పాలతోపాటు వచ్చేస్తుంది. ‘మా’లో అందరూ ఉంటారు కాబట్టి ఎవరు తీసుకెళ్ళినా దొంగతనం కాదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఎవరైనా ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ఒక్క నడుంనొప్పి మాత్రం ‘నా’ నడుంనొప్పి. దాన్ని మాది అని ఇంట్లో ఎవరూ పంచుకోరు.

రికార్డింగుకి ఆమెని కూడా తీసుకెళ్ళారు. బాణీలో ఎక్కడ ఎంత ఆగాలో పెద్ద గాయనికి పాడి చూపించాలి, అందుకు. గది చల్లగా ఉంది, గోడలకి మెత్తలు వేసి ఉన్నాయి, మాట గోడకి తగిలి తిరిగి రాదు. ఆమె పాడి చూపించింది. పెద్ద గాయని మర్యాదస్తురాలు, చక్కగా నేర్చుకుంది. మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి, “మాస్టారికి ఎంత దుఃఖం ఉండేదో కదండీ,” అంది. కోరసమ్మ ఆ చరణం ఇంకోసారి పాడి చూపించింది. అన్నీ అయ్యాక సౌండాయన అద్దం వెనకనుంచి వచ్చి, పాటల మీద వేయాల్సిన పేర్లు వరసగా అడిగాడు. గాయని పేరు, రచయిత పేరు, వాద్యగాళ్ళ పేర్లు.

“ట్యూన్ ఎవరిదని వెయ్యాలమ్మా?”

అతను అడిగింది ఆమెని. మాస్టారిదని అందరికీ తెలుసు, అయినా పెద్దావిడని మర్యాదకి అడిగాడు, అంతే. మరిది చిరునవ్వుతో తల ఊపాడు. ఒక్క అక్షరం తేడా. ఆ ఒక్క అక్షరం దాటితే ఇల్లుండదు, కూతురు రాదు, ట్రూపుండదు. దాటకపోతే అన్నీ ఉంటాయి, తను తప్ప.

“నాది,” అంది.

సౌండాయనకి సరిగ్గా వినబడలేదు. మరిది నవ్వి, “మాది అంటోందండీ. మాస్టారిదే, మాస్టారిదే వేసుకోండి,” అన్నాడు.

“మా కాదు. న. న దీర్ఘం. నాది,” అంది కోరసమ్మ. గుణింతం చదువుతున్నట్టే అంది. ఇంతలో పెద్ద గాయని చేతిలోని కాగితం పక్కన పెట్టేసింది. ఆ మెత్తటి గోడల మధ్య ఆమె మాట చిన్నగానే ఉంది కానీ, అక్కడున్న ఎవరూ వినలేదని చెప్పడానికి లేకపోయింది.

తర్వాత కథలో గెలుపేమీ లేదు. ఉందని చెబితే మీరు సంతోషిస్తారు, కానీ అబద్ధమవుతుంది. గొడవ ఉన్న పాటలు మాకొద్దని వాటిని విడుదల చేయాల్సిన కంపెనీవాళ్ళు అటకెక్కించారు. వాటిని ఆయన పేరున వేయలేదు, ఈమె పేరునా వేయలేదు. ట్రూపులోకి కొత్త కోరస్ అమ్మాయి వచ్చింది. ఇల్లు మామగారినుంచి మరిది పేరుకి మారి ఉంది. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఆమె కూర్చుంటే లేచి వెళ్ళిపోయేవారు, అంతే. ఆమె రెండు సంచులు సర్దుకుని పక్కింటి మేడ మెట్లెక్కింది. కూతురికి ఫోను చేస్తే మోగుతుంది, ఎత్తదు. పాటలు నేర్పమని ఇద్దరు ముగ్గురు వచ్చారు. మాస్టారి పాటలు నేర్పుతారా అని అడిగి, ఆమె జవాబు విని వెళ్ళిపోయారు. కొన్ని సాయంత్రాలు ఆ ఒక్క అక్షరం మింగేసి ఉంటే ఏం పోయేది అని కూడా అనిపిస్తుంది. అనిపించలేదని ఎందుకు చెప్పాలి.

ఇక మీరు అడిగిన కబురు. మాడిన గిన్నెల బాణీలన్నీ కోరసమ్మ మళ్ళీ పాడుతోంది, తను కట్టినప్పుడు ఉన్న మాటలతోనే. ఉప్పు నిండుకుంది అంటే ఉప్పు లేదనే అర్థం. వాద్యాలు లేవు. కింద మిషను ఆపి కుట్టుపనామె ఫోనులో రికార్డు చేస్తుంది, ఈ కొత్త పేజీలో పెడుతుంది. ఆదివారం పొద్దున తలుపు తీసి ఉంటుంది, వినాలనుకున్నవాళ్ళు మెట్లెక్కి రావచ్చు. మొన్న ఆదివారం ఒక్కావిడ వచ్చింది. ఎందుకో మొదటి పాట మధ్యలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాత పేజీ ఇంకా మరిది దగ్గరే ఉంది. ఆ పేజీలో ‘నేను’ ఈమధ్య ఇలా రాశాను. ‘అనారోగ్యం వల్ల నా గొంతు పోయింది. ఇక పాడలేను. ఇన్నాళ్ళూ ఆదరించిన మీ అందరికీ సెలవు.’ కింద చాలామంది బాధపడ్డారు. కోరసమ్మ అవన్నీ చదివింది. వారం పట్టింది. బతికుండగానే తన సంతాపాలు తనే కూడబలుక్కుని చదువుకోవడం ఎంతమందికి దొరుకుతుంది. మంచి మాటలే అన్నీ. ఆఖరున ఎవరో అమాయకంగా అడిగారు, ‘ఇంతకీ ఈవిడ ఏ పాట పాడారు?’ అని. అంతమందిలో ఒక్కరూ దానికి జవాబు రాయలేదు. కుట్టుపనామె ఫోనులో ఒక్కో అక్షరం నొక్కుకుంటూ కోరసమ్మే రాసింది. పొద్దుగుంకేలోపు మరిది దాన్ని చెరిపేశాడు, అందుకని ఇక్కడ మళ్ళీ రాస్తోంది.

‘ఇంకా పాడలేదండీ. ఇప్పుడే మొదలుపెట్టింది.’

ఇట్లు,
కోరసమ్మ, అరవై దాటిన మనిషి, కుట్టుపనామె ఇంటి మేడమీద గదిలో ఉంటుంది, గొంతు బాగానే ఉంది.